గుడ్ మార్నింగ్ ఎవరికి

మా ఇంగ్లీషు సారు తరగతి తలుపు దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, బల్ల మీద గొడుగు పెట్టేదాకా మా వైపు చూసేవారు కాదు. అప్పుడు పైపంచె సర్దుకుని, గొంతు సవరించుకుని, "గుడ్ మార్నింగ్, బాయ్స్!" అనేవారు. మేమంతా లేచి "గుడ్ మార్నింగ్, సార్!" అని అరిచేవాళ్ళం. ఆ అరుపు పక్క తరగతి లెక్కల సారుకు ఎంత చిరాకు తెప్పించేదో గానీ, మా సారుకు మాత్రం ముఖం వెలిగిపోయేది.

ఇది డెబ్బైల చివర్లో, ఎమ్మిగనూరులో. నేను తొమ్మిదో తరగతి. మా బడి మగపిల్లల బడి కిందే లెక్క. ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్ళో మూడేళ్ళో అయింది. తరగతిలో యాభై మందికి పైగా మగపిల్లలు, కిటికీ పక్కన ఒకే ఒక్క బెంచీ మీద మేం నలుగురం.

మిగతా సార్లు వస్తే మేం లేచేవాళ్ళం, వాళ్ళు చెయ్యి కిందికి ఊపేవాళ్ళు, మేం కూర్చునేవాళ్ళం. అంతే. మమ్మల్ని నోరారా పలకరించే సారు ఈయనొక్కరే. మంత్రాలయం దగ్గర పల్లె ఆయనది. ఇంట్లో తరతరాలుగా గుడి సేవ. అన్నదమ్ముల్లో ఈయనే బడి పంతులయ్యారు. తాము ఆదోనిలో చదువుకునే రోజుల్లో ఇంగ్లీషు మేష్టారు "గుడ్ మార్నింగ్, జెంటిల్మెన్" అనేవారని, ఆ మాట వింటే పిలక, పంచెలతో కూర్చున్న తమకు వెన్ను నిటారుగా అయ్యేదని చెప్పేవారు. "ఎవరైనా మనల్ని గౌరవంగా పలకరిస్తే మనం కొంచెం పెద్దవాళ్ళమవుతాం" అనేవారు.

నాకు ఆ పలకరింపు ఎంత ఇష్టమో చెప్పలేను. తెల్లారకముందే లేచి రాట్నం దగ్గర కూర్చునేదాన్ని. నాన్న మగ్గం గుంతలో దిగేసరికి నూలు కండెలు చుట్టి బుట్టలో వేయాలి. ఇంట్లో ఎవరూ ఎవరినీ ప్రత్యేకంగా పలకరించే అలవాటు లేదు. నాన్న నన్ను పిలిచేది కండె అయిపోయినప్పుడే. చేతులకు నూలు ధూళి పూర్తిగా పోకముందే బడికి పరుగెత్తితే, అక్కడ ఒక పెద్దమనిషి ఇంగ్లీషులో శుభోదయం చెప్పేవారు. ఆ "బాయ్స్"లో నేను లేననే సంగతి నాకు తట్టనే లేదు.

తట్టింది నా పక్కన కూర్చునే పిల్లకు. ఆ ఏడే గోనెగండ్ల వైపు నుంచి వచ్చి చేరింది. వాళ్ళ అమ్మా నాన్నా పొలాల్లో కూలికి పోయేవాళ్ళు. ఈ పిల్ల ఎమ్మిగనూరులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. ఆదివారం తెల్ల ఓణీ వేసుకుని చర్చికి పోయేది. మాట తక్కువ. ఏదైనా అర్థం కాకపోతే మాత్రం వదిలేది కాదు. మధ్యాహ్నం ఇద్దరం జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి పంచుకుని తినేటప్పుడు కూడా పాఠంలో పట్టుబడని మాటనే నములుతూ ఉండేది.

ఒకరోజు సారు వ్యాకరణంలో లింగాలు చెప్పారు. బోర్డు మీద నాలుగు గడులు గీసి, ఒకదానిలో పురుష లింగం, ఒకదానిలో స్త్రీ లింగం, ఒకదానిలో ప్రాణం లేని వస్తువులు రాశారు. నాలుగో గడి దగ్గర సుద్దముక్కతో రెండుసార్లు తట్టి, "ఇది కామన్ జెండర్. స్టూడెంట్, టీచర్, చైల్డ్. ఆడైనా మగైనా ఒకే మాట" అన్నారు.

నా పక్కనున్న పిల్ల లేచింది. "సార్, బాయ్స్ యాడికి వస్తాది?"

"మొదటి గడి. మాస్కులిన్. ఇంతసేపూ చెప్పింది అదే కదమ్మా."

"ఎప్పుడూ అంతేనా సార్?"

"ఎప్పుడూ అంతే."

ఆ పిల్ల కూర్చుని, నోటుబుక్కులో రాసుకుని, ఆ మాట కింద గీత గీసింది.

సాయంత్రం ఇంటికి పోతాంటే, మగ్గాల చప్పుడు మొదలయ్యే మా వీధి మలుపులో ఆగింది.

"ఏం మే, సారు మనకు రోజూ గుడ్ మార్నింగ్ సెప్తాండారా?"

"సెప్తాండారు గదా."

"బాయ్స్ అంటే మగపిల్లోళ్ళని ఆయనే సెప్పినారు. ఎప్పుడూ అంతే అన్నారు. అంటే మనకు సెప్పడం లేదు."

"పోనీలే. లేసి నిలబడితే ఏం పోతాది?"

"మా చర్చిలో పాస్టరయ్య సోదరులారా, సోదరీలారా అంటాడు. కింద సాప మీద కూసున్న ముసిలమ్మ దాంకా అందరూ తలెత్తుతారు. ఒక్క సోదరులారా అంటే మాయమ్మ తలెత్తదు. పిలవనిదానికి మనం ఎందుకు లేయాల? రేపు నేను లేయను. నువ్వూ లేయొద్దు."

నేను సరే అన్నాను. నిజంగానే అన్నాను. ఇంటికి పోయి కండెలు చుడుతూ, రేపు ఎట్లా కూర్చోవాలో, సారు అడిగితే ఏం చెప్పాలో కూడా అనుకున్నాను.

మరుసటి రోజు సారు వచ్చారు. గొడుగు పెట్టారు. "గుడ్ మార్నింగ్, బాయ్స్!"

బెంచీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. నేను లేచాను. లేవాలని లేవలేదు. ఆ గొంతు వినగానే కాళ్ళు వాటంతటవే లేచాయి. నా నోరు కూడా అందరితో పాటు "గుడ్ మార్నింగ్, సార్" అనేసింది. పక్కన చూస్తే ఆ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉంది.

సారుకు కోపం రాలేదు. "ఏమమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నారు.

ఆయన తననే అడిగారు కాబట్టి అప్పుడు లేచింది. "బాగుంది సార్. మీరు బాయ్స్‌కు సెప్పినారు. మాకు సెప్పినప్పుడు లేస్తాం."

ఆమె "మాకు" అన్నప్పుడు నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

వెనక బెంచీల్లో కిసకిసలు మొదలయ్యాయి. సారు చెయ్యెత్తి ఆపారు. నవ్వుతూనే అడిగారు. "మీ ఊళ్ళో పనికి పిలిచేటప్పుడు ఏమని కేక వేస్తారమ్మా?"

"రాండప్పా అంటారు సార్."

"అప్ప అంటే ఎవరు? తండ్రి. మగవాడు. మరి రాండప్పా అంటే ఆడవాళ్ళు పోరా?"

"పోతారు సార్. మాయమ్మే ముందు పోతాది."

"చూశావా! బాయ్స్ కూడా అట్లాంటిదే. అందరూ అందులోనే."

తరగతి అంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. నేనూ పీల్చుకున్నాను. ఇక అయిపోయిందనుకున్నాను. ఆ పిల్ల మాత్రం కూర్చోలేదు.

"నిన్న డ్రిల్లు పీరియడుకు మీరు బాయ్స్ పోండి అన్నారు సార్. మేం నలుగురం లేసినాము. మీరు కాదమ్మా, మీరు కూసోండి అన్నారు. ఆడుకునేదానికి పొమ్మన్నప్పుడు మేం బాయ్స్‌లో లేము. గుడ్ మార్నింగ్‌కు మాత్రం యాడనుంచి వస్తాం సార్?"

ఎవరూ నవ్వలేదు. సారు ముఖం ఎర్రబడింది. ఆయన ఎవరినీ కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. ఆ రోజు మాత్రం తలుపు వైపు చూపించి, "బయట నిలబడు" అన్నారు. ఆ పిల్ల పుస్తకం మూసి, బయటికి పోయి, వరండాలో గోడకు ఆనకుండా నిలబడింది. ఆ పీరియడంతా కిటికీలో నుంచి ఆమె జడ కనిపిస్తూనే ఉంది. సారు పాఠం చెప్పారు గానీ ఒకే వాక్యాన్ని రెండుసార్లు చదివారు.

బెల్లు కొట్టాక నేను బయటికి పోయి, "ఎండ తగిలిందా?" అన్నాను.

"నువ్వు లేసినావు గదా మే" అంది. తిట్టినట్టు కాదు, లెక్క సరిచూసుకున్నట్టు.

"కాళ్ళు లేసినాయి మే. నేను లేయలే."

దానికి ఆమె నన్ను చూసి నవ్వేసింది. ఆ నవ్వుతో నా తప్పు పోలేదు. ఆమె మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. అదే నాకు ఎక్కువ కష్టమైంది.

ఆ తర్వాత నాలుగైదు రోజులు సారు మమ్మల్ని అసలు పలకరించలేదు. వచ్చేవారు, గొడుగు పెట్టేవారు, "ముప్పై ఆరో పేజీ" అనేవారు. తరగతి బావురుమన్నట్టు ఉండేది. మగపిల్లలు మా బెంచీ వైపు చూసి గొణుక్కునేవాళ్ళు. "మీ వల్లే సారు గుడ్ మార్నింగ్ మానేసినాడు" అని ఒకడు నా మొహం మీదే అన్నాడు. నిలబడి తిట్టించుకునే ధైర్యం నాకుంది గానీ, కూర్చునే ధైర్యం లేకపోయిందని అప్పుడు తెలిసింది.

సోమవారం సారు వచ్చి పుస్తకం తెరవలేదు. బల్ల ముందుకు వచ్చి నిలబడ్డారు.

"ఆదివారం ఆదోని పోయి మా గురువుగారిని చూసి వచ్చాను. రిటైరయ్యారు. మా తరగతిలో జెంటిల్మెన్ అనేవారు కదా, ఒకవేళ అందులో ఆడపిల్లలు ఉండుంటే ఏమనేవారండీ అని అడిగాను. ఆయన చాలాసేపు నవ్వి, లేరు కాబట్టి బతికిపోయాను నాయనా, నువ్వు వెతుక్కో అన్నారు. కాబట్టి వెతుకుదాం."

ఆ వారం మా బడి జీవితంలోకెల్లా సంతోషమైన వారం. రోజుకొక పలకరింపు. మొదటిరోజు ఆయన "గుడ్ మార్నింగ్, లేడీస్ అండ్ జెంటిల్మెన్" అన్నారు. వెనక బెంచీలో ఎవడో ఈల వేశాడు, సినిమా హాల్లో బొమ్మ మొదలైనట్టు. మా నలుగురికీ సిగ్గుతో తలలు వాలిపోయాయి. పైపెచ్చు అది ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ చెరో బెంచీ మీద కూర్చోబెట్టినట్టే ఉందని సారే అన్నారు. "చిల్డ్రన్" అన్నరోజు, రెండుసార్లు తప్పి అప్పటికే మీసం దువ్వుకుంటున్న ఒకడు లేవబోయి, తనను కాదనుకుని కూర్చున్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. వాడూ నవ్వాడు. "స్టూడెంట్స్" అన్నారు. అని ఆయనే మొహం చిట్లించుకుని, "ఇది నోటీసు బోర్డు మాట. మనుషుల్ని పలకరించినట్టు లేదు" అన్నారు. "ఫ్రెండ్స్" అన్నప్పుడు మాకందరికీ నచ్చింది గానీ, అటుగా పోతున్న హెడ్మాస్టరు ఆగి ఒక చూపు చూసి పోయారు.

శుక్రవారం ఆయన పైపంచె సర్దుకుని, పాత రోజుల్లో లాగే గొంతు సవరించుకుని, మొదటిసారి కిటికీ వైపు కూడా తల తిప్పి, "గుడ్ మార్నింగ్, ఎవ్రీబడీ!" అన్నారు.

అందరికంటే ముందు లేచింది గోనెగండ్ల పిల్ల. మేం అరిచిన అరుపుకు లెక్కల సారు నిజంగానే తలుపు దగ్గరికి వచ్చి చూశారు.

"ఇదొక చిత్రమైన మాట" అన్నారు సారు, మేం కూర్చున్నాక. "అందరూ అని అర్థం. కానీ వ్యాకరణానికి ఏకవచనం. ఒక్కొక్కరినీ విడివిడిగా లెక్కపెట్టి అందరినీ పిలుస్తుంది." ఆ తర్వాత నేను ఆ బడి వదిలేదాకా ఆయన వేరే మాట వాడలేదు. ఒకటి రెండుసార్లు అలవాటుగా "బా..." అని మొదలుపెట్టి నాలుక కరుచుకునేవారు. అప్పుడు మగపిల్లలే "ఎవ్రీబడీ సార్" అని అందించేవాళ్ళు.

పదో తరగతి తర్వాత నా స్నేహితురాలు, ఆ గోనెగండ్ల పిల్ల, నర్సు చదువుకు పోయింది. నేను ఆదోనిలో కాలేజీ, ఆ తర్వాత టీచరు ట్రైనింగు. ఎనభైల నడుమ ఆదోనిలోనే ఒక బడిలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు తరగతిలోకి పోయి ఏమని పలకరించి ఉంటానో చెప్పనక్కరలేదు. పిల్లల దగ్గర నాకు ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది స్టాఫ్ రూములో. పదకొండు మంది సార్లు, నేనొక్కదాన్నే ఆడమనిషిని. మీటింగు ఉంటే అటెండరు నోటీసు పుస్తకం పట్టుకుని తరగతి తరగతికీ వచ్చేవాడు. అందులో ఇంగ్లీషులో "జెంటిల్మెన్ అందరూ హాజరు కావలెను" అని ఉండేది. నేను చదివి, సంతకం పెట్టి, హాజరయ్యేదాన్ని. మా హెడ్మాస్టరు "వెల్, జెంటిల్మెన్" అని మొదలుపెట్టేవారు. చెడ్డమనిషి కాదు. ఎవరో నేర్పింది అట్లే అంటున్నారు. నేను మూల కుర్చీలో కూర్చుని, ఏమీ మాట్లాడకుండా, చివర్లో టీ తాగి వచ్చేదాన్ని. ఏడాదిన్నర అట్లే గడిచింది. ఒక్కోసారి సంతకం పెడుతుంటే ఆ వరండా గుర్తొచ్చేది. కాళ్ళే లేచాయని చెప్పుకునే వయసు కాదు అది.

ఒక వేసవి మధ్యాహ్నం ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం నిలబడి ఉంటే, వెనక నుంచి "ఏం మే" అని వినిపించింది. తిరిగి చూస్తే నా స్నేహితురాలు. కొంచెం ఒళ్ళు చేసింది. పక్కన కంటికి పచ్చగుడ్డ కట్టుకున్న వాళ్ళమ్మ. ఆదోనిలో కంటి ఆపరేషన్ చేయించి ఊరికి తీసుకుపోతోంది. ముగ్గురం నీడ చూసుకుని సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాం.

నేను ఇంగ్లీషు టీచర్నని తెలియగానే వాళ్ళమ్మ నా చెయ్యి తడిమి పట్టుకుంది. "ఎమ్మిగనూరులో మీకు ఇంగ్లీషు సెప్పిన సామి బాగుండాడా?"

"రిటైరై మంత్రాలయం వైపు పోయినారంట. నీకెట్లా తెలుసమ్మా ఆయన?"

"ఎట్లా తెలీకుండా పోతాది! పాపను బయట నిలబెట్టినారని మా ఆడబిడ్డ మనిషితో సెప్పంపింది. పనికి పోకుండా పొద్దున్నే బస్సెక్కి వచ్చినా. తప్పయింది సామీ అని కాళ్ళు పట్టుకుందామని."

ఈ సంగతి నాకు తెలియదు. స్నేహితురాలి వైపు చూశాను. "నాకూ ఈమధ్యనే సెప్పింది. ఇన్నేండ్లు కడుపులో పెట్టుకోనుండాది" అంది.

వాళ్ళమ్మ చెబుతూనే ఉంది. "నన్ను సూసి ఆయన లేసి నిలబడినాడు. కుర్చీ జరిపినాడు. నేను కింద కూసుంటా అంటే ఒప్పుకోల్యా. మా పాప ఏం తప్పు సేసింది సామీ అని అడిగినా. అటు సూసి ఇటు సూసి, నేను తరగతిలోకి రాంగానే పిల్లోళ్ళను పలకరిస్తానమ్మా, మగపిల్లోళ్ళనే పలకరిస్తాండానని మీ పాప అనింది, అన్నాడు. ఆడపిల్లోళ్ళను గూడా పలకరిస్తారు గదా సామీ, అన్నా. ఇంగ్లీషులో పలకరించలేదమ్మా, అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"పోనీలే సామీ, తెలుగులో పలకరించండి, అదే సాలు అన్నా. దానికి నవ్వి, లేదమ్మా, ఇంగ్లీషులోనే పలకరిస్తా, నువ్వు పో, పాపను ఏమీ అనొద్దు అన్నాడు. గేటు దాంకా వచ్చి, బస్సు యాడ దొరుకుతాదో సూపిచ్చినాడు."

గోనెగండ్ల బస్సు వచ్చింది. స్నేహితురాలు వాళ్ళమ్మను జాగ్రత్తగా ఎక్కించి, కిటికీలో నుంచి చెయ్యి ఊపింది. నేను నా బస్సులో కూర్చుని ఎమ్మిగనూరు దాకా ఆ కుర్చీ గురించే ఆలోచించాను. ఆదోని గురువుగారి దగ్గరికి ఆయన ఎందుకు పోయారో మాకు సగమే చెప్పారు. ఆయన్ను ఒకసారి చూసి రావాలని ఆ రోజే అనుకున్నాను. అనుకుంటూనే ఉండిపోయాను. తర్వాత ఆయన లేరని తెలిసింది.

సెలవులు అయిపోయి బడి తెరిచాక మొదటి నోటీసు వచ్చింది. ఈసారి సంతకం పెట్టకుండా పుస్తకం పట్టుకుని హెడ్మాస్టరు గదికి పోయాను.

"సార్, ఈ మీటింగుకు నేను రావాలా?"

"అదేం ప్రశ్నమ్మా? తప్పకుండా రావాలి."

"ఇందులో జెంటిల్మెన్ అని ఉంది సార్."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, తను రాసిన వాక్యాన్నే కొత్తగా చదువుకున్నారు. "అందరినీ అన్నట్టే కదమ్మా. మరేమని రాయమంటావు? జెంటిల్మెన్ అండ్ వన్ లేడీ అనా?"

ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కానీ పుస్తకం బల్ల మీది నుంచి తీసుకోలేదు. ఆయన కలం తెరిచి "కొలీగ్స్" అని రాయబోయి, స్పెల్లింగు దగ్గర ఆగి, నన్నడిగి, నేను చెప్పింది నమ్మకం కుదరక డిక్షనరీ తీశారు. చివరికి అదీ వద్దని కొట్టేసి "స్టాఫ్ మెంబర్లందరూ" అని రాసి నా వైపు తిప్పారు. సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం మీటింగులో ఆయన "వెల్..." అని ఆగి, ఆ తర్వాతి మాట మింగేసి, సూటిగా విషయానికి వచ్చారు. ఎనిమిదో తరగతి కప్పు కారుతోంది. వానలు దగ్గరపడ్డాయి. పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది సమస్య. ఒక సారు సెలవు ఇద్దామన్నారు. ఒకరు రెండు తరగతులు కలుపుదామన్నారు. ఆ ఎనిమిదో తరగతి నాది. నేను మూల కుర్చీలోంచి లేచి, తూర్పు వరండాకు తడికలు కట్టిస్తే జల్లు కొట్టదని, బోర్డు నేనే మోయించుకుంటానని చెప్పాను. ఉద్యోగంలో చేరిన తర్వాత మీటింగులో నేను మాట్లాడటం అదే మొదలు. వాళ్ళు కాసేపు వాదించుకుని ఒప్పుకున్నారు. ఆ వానాకాలమంతా మేం వరండాలోనే చదువుకున్నాం.